స్టార్ హోటల్లో బిర్యానీ దండగ: హైదరాబాద్‌లో డబ్బుకు తగ్గ పెద్ద భోజనాలు

రూ.14,758.26. హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్లో నలుగురి రాత్రి భోజనానికి వచ్చిన బిల్లు ఇది. మందు లేదు. రెండు రకాల కబాబులు, రెండు బిర్యానీలు, ఒక దాల్, ఆరు రోటీలు, రెండు మిఠాయిలు, మూడు నీళ్ళ సీసాలు, అంతే. హోటల్ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇదే తంతు ఊళ్ళో చాలాచోట్ల నడుస్తోంది. ఒక్కోటి రూ.1,650 పెట్టి తెప్పించిన బిర్యానీల్లో సగానికి సగం బల్ల మీదే మిగిలిపోయింది. నలుగురిలో పెద్దావిడ రెండు ముద్దలు తిని, "దీనికంటే మనింటి పలావు నయం" అని చెయ్యి కడిగేసుకున్నారు. ఆవిణ్ణి తీసుకొచ్చినవాళ్ళ ముఖాలు అప్పటికే మాడిపోయాయి.

తప్పు వంటవాడిది కాదు, ఆర్డరుది. హైదరాబాదీ కచ్చీ బిర్యానీ ఇద్దరికి సరిపడా చిన్న హండీలో అయ్యే పని కాదు. పచ్చి మాంసానికి పెరుగు, పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, వేయించిన ఉల్లిపాయ, పుదీనా, నిమ్మరసం పట్టించి గంటల తరబడి నానబెట్టాలి. దాని మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి, ముందు పెద్ద మంట, తర్వాత కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు. మాంసంలోంచి, పెరుగులోంచి లేచే ఆవిరితోనే పైన అన్నం ఉడకాలి. ఆ ఆవిరి చాలాలంటే కిలోల లెక్కన మాంసం ఉండాలి. పావుకిలో మాంసంతో చిన్న హండీ పెడితే ముక్క మెత్తబడేలోపు అడుగంటుతుంది.

అందుకే చాలా పెద్ద హోటళ్ళలో ముక్కలు వేరుగా, అన్నం వేరుగా వండి ఉంచుకుంటారు. ఆర్డరు వచ్చాక చిన్న హండీలో పొరలు వేసి, అంచుకు పిండి చుట్టి, పది పదిహేను నిమిషాలు ఓవెన్లో పెట్టి తెస్తారు. మన కళ్ళముందే కత్తితో మూత కోస్తారు. గుప్పుమని ఆవిరి లేస్తుంది, ఫోన్లు పైకి లేస్తాయి. అది పక్కీ. పక్కీ చెడ్డదని కాదు, కచ్చీ అనుకుని తింటేనే నిరాశ. పోల్చుకోవడం తేలిక: గరిటె అడుగుదాకా దించి తీయండి. కచ్చీ అయితే అడుగున అన్నం మసాలాతో తడితడిగా, మధ్యలో అక్కడక్కడా పసుపు రంగులో, పైన తెల్లగా ఉంటుంది, ముక్క ఎముకను పట్టుకునే ఉంటుంది. అంతా ఒకే రంగులో, ఒకే పొడిగా ఉండి, ముక్కకు మసాలా పైపైన మాత్రమే అంటుకుని ఉంటే కలిపి తెచ్చినట్టే. అసలు ఆర్డరు ఇచ్చేముందే "కచ్చీయా, పక్కీయా?" అని అడిగేస్తే సరిపోతుంది. ఈ ప్రశ్నకు నీళ్ళు నమిలే చోట దాల్, రోటీ చెప్పుకోండి. కచ్చీ కావాలంటే మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, డేగ్ (పెద్ద వంటపాత్ర) మూత తీసే వేళకు పాతబస్తీ మదీనా దగ్గర షాదాబ్ లాంటి చోటికి వెళ్ళాలి. అక్కడ ఏసీ గది గురించి, వెయిటరు మర్యాద గురించి ఫిర్యాదులు పెట్టుకోకూడదు.

మరి స్టార్ హోటల్‌కు వెళ్ళేది దేనికి? బయట ఎవరూ పెట్టలేనంత సమయం, బొగ్గు, మనుషులు పెట్టి చేసే వంటల కోసం. ఆ లెక్కన నా ఓటు మొదట బేగంపేటలోని ఐటీసీ కాకతీయలో ఉన్న పేషావరీకే. ఢిల్లీ ఐటీసీ మౌర్యలో ఉన్న బుఖారాకు ఇది తోబుట్టువు లాంటిది. ఆ తీరులోనే వాయవ్య సరిహద్దు ప్రాంతపు తందూరీ వంట, రాతిగోడల అలంకరణ, చెంచాలు లేకుండా చేత్తో తినడం, మెడకు గళ్ళ ఏప్రాన్. ఇక్కడ దాల్ బుఖారా తప్పకుండా చెప్పండి. పొట్టు మినుములు, టమాటా, వెన్న, మీగడ, ప్రధాన సరుకు ఇంతే. రాత్రంతా బొగ్గుల సన్నసెగ మీద ఉండబట్టే మినుము గింజ ఆకారం పోకుండా లోపల వెన్నలా అయిపోతుంది. ఇంట్లో కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ వేయించినా ఇది రాదు, కుక్కర్‌లో గింజ చితుకుతుంది కానీ చిక్కదనం పట్టదు.

నలుగురైదుగురు ఉంటే సికందరీ రాన్ చెప్పుకోవచ్చు. లేత గొర్రె తొడ మొత్తాన్ని వెనిగర్, దాల్చినచెక్క, షాజీరాతో మగ్గబెట్టి, చివర్లో తందూర్‌లో కాలుస్తారు. ఇద్దరే ఉంటే దాని జోలికి పోవద్దు, మిగిలిపోతుంది, మర్నాటికి గట్టిపడుతుంది. నాన్ బుఖారా అని ఒకటుంది, బల్లంత వెడల్పు. పిల్లలకు సరదా, కానీ ఐదారుగురు లేకపోతే సగం చల్లారి తోలులా అవుతుంది. మామూలు రోటీలు రెండేసి చొప్పున తెప్పించుకోవడమే తెలివి. పెద్దవాళ్ళను తీసుకెళ్తుంటే మాత్రం బుకింగ్‌లోనే వీపు ఆనించుకునే సీటు కావాలని చెప్పండి, అక్కడ కూర్చునే ఏర్పాటు మోకాళ్ళ నొప్పులవాళ్ళకు అనుకూలం కాదు. వెలుతురు కూడా తక్కువే, చత్వారం ఉన్నవాళ్ళు మెనూ చదవలేక విసుక్కుంటారు.

ఐటీసీ కోహినూర్ దుర్గం చెరువు పక్కన, మాదాపూర్‌లో ఉంది, 2018లో తెరిచారు. అందులో దమ్ పుఖ్త్ బేగమ్స్ వెళ్ళదగ్గ చోటు. కాకపోతే అక్కడిది ప్రధానంగా అవధ్ (లక్నో ప్రాంతపు) పద్ధతి, మన నిజాం వంట అనుకుని వెళ్ళకండి. కారం తక్కువ, యాలకులు, జాపత్రి, కేవ్డా (మొగలిపువ్వు) వాసన ఎక్కువ. గుంటూరు నాలుకకు మొదటి పది నిమిషాలు "ఏమీ లేదే" అనిపిస్తుంది. కాకోరీ కబాబ్ వచ్చాక మాట మారుతుంది: వెన్నలా రుబ్బిన ఖీమా, పళ్ళు పెట్టాల్సిన పనే ఉండదు. చల్లారితే మాత్రం కొవ్వు గడ్డకట్టి పేలవంగా అయిపోతుంది, కాబట్టి ఫొటోలు తర్వాత, తినడం ముందు. స్టార్టర్లన్నీ ఒకేసారి తేవద్దని, ఒకటయ్యాక ఒకటి తెమ్మని ముందే చెప్పాలి. చెప్పకపోతే నాలుగు ప్లేట్లు ఒకేసారి దిగి, మూడు చల్లారతాయి.

ఇటాలియన్ మీద మక్కువ ఉంటే బంజారా హిల్స్ పార్క్ హయాత్‌లో త్రే ఫోర్నీ ఉంది. ఆ పేరుకు అర్థం మూడు పొయ్యిలు. పిజ్జా చెప్పండి, పాస్తాకు అంత దూరం అక్కర్లేదు.

ఇక ఫలక్‌నుమా. అందరూ అడిగేది ఇదే. నిజాం కొలువులోని నవాబు వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ప్యాలెస్, ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది, 2010 నుంచి తాజ్ హోటల్. లోపల అదా అనే రెస్టారెంటు హైదరాబాదీ, భారతీయ వంటలకు, సెలెస్ట్ ఇటాలియన్ వైపు. తిండి ఒక్కటే చూస్తే పేషావరీకి ఒక మెట్టు కిందే పెడతాను. అయినా వెళ్ళాలి, ఎందుకంటే అక్కడ డబ్బు ఇచ్చేది ఆ మేడకు, కొండ మీంచి కనిపించే ఊరికి. అందుకే అక్కడ రాత్రి భోజనం కంటే సాయంత్రపు హై టీ (టీతో పాటు చిరుతిళ్ళు) నయం. ఖర్చు తక్కువ, వెలుతురు ఉండగానే అన్నీ కనిపిస్తాయి, చీకటి పడేటప్పటికి కింద దీపాలు కూడా దక్కుతాయి. రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్తే చూసేది తెల్లటి బల్లగుడ్డ, నల్లటి కిటికీ.

దారి సంగతి చాలామంది పట్టించుకోరు. మాదాపూర్ నుంచి సాయంత్రం బయల్దేరితే గంటన్నర పెట్టుకోవాల్సిందే. హై టీకి ఇచ్చిన సమయం దాటితే టేబుల్ ఉన్నా మిగిలేది అరగంట. శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చిపోయే రోజున పెట్టుకుంటే చాంద్రాయణగుట్ట మీదుగా దగ్గర, ఊరంతా దాటే బాధ తప్పుతుంది. బుకింగ్ లేకుండా గేటు దగ్గరికి వెళ్తే వెనక్కి పంపేస్తారు. చెప్పులు, నిక్కర్లు ఒప్పుకోరు. కుర్రాళ్ళకు ఈ మాట ఇంట్లోనే చెప్పకపోతే గేటు దగ్గర రభస. గుర్రపు బగ్గీ ప్రధానంగా బస చేసేవాళ్ళకు చేసే మర్యాద, భోజనానికి వచ్చేవాళ్ళు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నూటొక్కమంది కూర్చునే ఆ ప్రసిద్ధ భోజనాల బల్ల మీద కూడా మామూలు బుకింగ్‌కు చోటుండదు. ప్యాలెస్ చూపించే టూరు మన బుకింగ్‌లో కలిసి ఉందో లేదో, ఏ వేళకో ఫోన్లోనే తేల్చుకోండి.

మళ్ళీ ఆ బిల్లు దగ్గరికి. కబాబులు రూ.1,950, రూ.1,450. బిర్యానీలు రూ.3,300. దాల్ రూ.950. రోటీలు ఆరు, ఒక్కోటి రూ.195, వెరసి రూ.1,170. మిఠాయిలు రూ.1,500. నీళ్ళు మూడు సీసాలు, రూ.350 చొప్పున రూ.1,050. మొత్తం రూ.11,370. దాని మీద సర్వీస్ ఛార్జి 10 శాతం, రూ.1,137. ఆ రెండూ కలిపిన రూ.12,507 మీద జీఎస్టీ 18 శాతం, రూ.2,251.26. అంటే టిప్పు మీద కూడా పన్ను కట్టించారు.

18 శాతం మోసం కాదు. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లకు ఆ రేటే. బయట విడిగా ఉన్న రెస్టారెంట్లకు ఏసీ ఉన్నా 5 శాతమే. మెనూలో రెండుచోట్లా వెయ్యి అని రాసి ఉన్నా చేతికొచ్చే బిల్లు ఒకచోట రూ.1,180, మరోచోట రూ.1,050. మందు మీద జీఎస్టీ ఉండదు, దాని పన్ను రాష్ట్రం చేతిలో ఉంటుంది. బీరును తిండితో కలిపి జీఎస్టీ వేస్తే బిల్లు వెనక్కి పంపండి.

సర్వీస్ ఛార్జి మాత్రం తప్పనిసరి కాదు. బిల్లులో దానంతటది కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. గొంతు పెంచక్కర్లేదు. "ఇది తీసేసి కొత్త బిల్లు తెండి" అంటే చాలు, తెస్తారు. వాదిస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ పేరెత్తండి. వెయిటర్ బాగా చూసుకుంటే ఆ డబ్బేదో ఆయన చేతిలోనే పెట్టొచ్చు.

నీళ్ళ దగ్గర మాత్రం చట్టం మనవైపు లేదు. హోటళ్ళు సీసా నీళ్ళను ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్ముకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కూర్చోగానే "స్టిల్, ఆర్ స్పార్క్లింగ్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో మూడో జవాబు ఉండదు, మనమే చెప్పాలి: "మామూలు నీళ్ళు." పై బిల్లులో సర్వీస్ ఛార్జి, ఆ మూడు సీసాలు లేకపోతే కట్టాల్సింది రూ.12,177.60. రూ.2,580 పైచిలుకు ఊరికే పోయింది.

యాప్‌లో డిస్కౌంట్ చూసి వెళ్ళేవాళ్ళు టేబుల్ దగ్గర కూర్చోగానే బుకింగ్ చూపించాలి. బిల్లు కొట్టాక చూపిస్తే సిస్టమ్‌లో ఎక్కదంటారు. బఫేకు, మందుకు, పండగ మెనూకు అది వర్తిస్తుందో లేదో ముందే అడగాలి, సాధారణంగా వర్తించదు.

పెద్దవాళ్ళు చివర్లో పెరుగన్నం అడుగుతారు. మొహమాటపడక్కర్లేదు, మెనూలో లేకపోయినా పెద్ద వంటగదిలో తెల్లన్నం, పెరుగు ఉంటాయి. ఎంత వేస్తారో మాత్రం అడిగి చెప్పండి.

మిఠాయికి ఖుబానీ కా మీఠా చెప్పండి. ఎండు ఆప్రికాట్లను రాత్రంతా నానబెట్టి, పీచుపీచుగా తగిలేదాకా ఉడికిస్తారు. గింజ పగలగొట్టి లోపలి పప్పును పైన చల్లడం దీని సంప్రదాయం. పప్పు లేకుండా, జామ్‌లా నున్నగా మెరుస్తూ వస్తే చక్కెర ఎక్కువైనట్టే. దీనికి జత మీగడ. ఈ మధ్య వెనీలా ఐస్‌క్రీం ముద్ద పెట్టి తెస్తున్నారు. అది కరిగి రెండు రుచులనూ పాడుచేస్తుంది, కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడే "ఐస్‌క్రీం వేరే గిన్నెలో" అనండి.