మీటియారా, హిమాలయనా? ఇద్దరు ఎక్కి కూర్చున్నాక చూడండి

పోయిన దసరా తర్వాత నేను రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల మీటియార్ 350 బండి తీసుకున్నాను. అప్పటి నుంచి మా అనంతపురంలో తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, దూరాలు తిరిగేవాడివి కదా, హిమాలయన్ వదిలేసి ఇదెందుకు తీసుకున్నావు?" గుత్తి నుంచి ఒకరు, ప్రొద్దుటూరు నుంచి ఇద్దరు, కర్నూల్లో మా బావమరిది స్నేహితులు, అందరిదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ ఫోన్లో కొంచెం కొంచెం చెప్పేకంటే ఒకసారి కూర్చుని మొత్తం రాద్దామనిపించింది.

బండ్ల వివరాలు మీలో చాలామందికి కంఠతా వచ్చు. అదే కంపెనీ హిమాలయన్‌ది 452 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజను, 40 పీఎస్ బలం, ఆరు గేర్లు, 17 లీటర్ల ట్యాంకు. మీటియార్‌ది 349 సీసీ, దాదాపు 20 పీఎస్, అయిదు గేర్లు, 15 లీటర్ల ట్యాంకు. కాగితం మీద చూస్తే పోటీయే లేదు, సగానికి సగం తేడా.

ఆ తేడా ఎక్కడ పనికొస్తుందో ముందు చూద్దాం. మన ఊళ్ల పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఇటు కన్యాకుమారి దాకా, అటు శ్రీనగర్ దాకా పోతుంది. నాలుగు వరుసల రోడ్డు మీద టూ వీలర్‌కు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు అని కేంద్రం 2018లో పెట్టింది. మీటియార్ ఆ వేగంలో ఇద్దరితో, సామానుతో పొద్దంతా నడుస్తుంది, ఇంజను ఏమీ ఇబ్బంది పడదు. వంద దాటితే మాత్రం ఫుట్‌రెస్టుల్లో, హ్యాండిల్లో వణుకు తెలుస్తుంది. హిమాలయన్‌కు వంద కూడా లెక్కలోది కాదు. లారీని దాటాల్సి వచ్చినప్పుడు దాని బలం నిజంగా అక్కరకొస్తుంది, కాదనను. కడప నుంచి రాయచోటి పోయే దారిలో ఇద్దరం ఉన్నప్పుడు మీటియార్‌తో లారీని దాటాలంటే ఎదర ఖాళీ బాగా కనబడేదాకా ఆగాలి. నేను ఆగుతాను. ఆగలేనివాళ్లు హిమాలయనే తీసుకోండి.

ధర సంగతి కూడా చెప్పేస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించిన వాటికి 40 శాతం అయ్యింది. అందువల్ల ఈ రెండు బండ్ల మధ్య ఇప్పుడు లక్ష రూపాయలకు పైగానే తేడా ఉంది. నా నిర్ణయానికి ఇది కొంత కారణం. అసలు కారణం వేరే.

మీటియార్ కొనడానికి ముందు ఏడాది మా స్నేహితుడి బండి అడిగి తీసుకుని, నేనూ మా ఆవిడా గండికోటకు పోయాము. ఎత్తు సీటు, పొడవాటి సస్పెన్షన్ ఉన్న బండి. అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా జమ్మలమడుగు దాకా దాని మీద కూర్చుని రాజులాగా పోయాను. గుంతలు ఎప్పుడొచ్చాయో ఎప్పుడు పోయాయో తెలియలేదు. కోట ఇంకా కొంత దూరం ఉందనగా ఫోటో తీసుకుందామని రోడ్డు పక్కకు దించాను. నేల కొంచెం ఎడమకు పల్లం, పైన గులకరాళ్లు. బండి ఆగింది. ఎడమ కాలు పెట్టబోతే నేల అందలేదు. రెండంగుళాలు, అంతే. ఆ రెండంగుళాలు అందుకోవడానికి ఒళ్లు వంచేసరికి బండి కూడా వంగింది, వెనక ఆమె బరువు, బ్యాగుల బరువు అంతా అటే వచ్చింది. బండి పరుగులో లేదు, పూర్తిగా ఆగి ఉంది. అయినా ఇద్దరం పడ్డాము. ఆమె మోకాలు చిప్ప దగ్గర కమిలిపోయి పదిహేను రోజులు మెట్లెక్కలేకపోయింది. వచ్చేటప్పుడు దారంతా నాకు అదే ఆలోచన.

నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. మన వైపు మగవాళ్లలో చాలామందిది అటూ ఇటూ ఇదే ఎత్తు. మీటియార్ సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు. హిమాలయన్‌ది 825, పెంచుకుంటే 845. తేడా 60 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలకు పైమాటే.

మొదటిది ఈ సీటు ఎత్తే. బండి చూసేవాళ్లు బరువు అడుగుతారు, సీటు ఎత్తు అడగరు. బరువు అడిగితే మీటియార్ 191 కిలోలు, హిమాలయన్ 196 కిలోలు. అయిదు కిలోలే కదా అనుకుంటాము. కానీ ఆ బరువు ఎంత ఎత్తులో ఉందో, మీ కాలు ఎంత లోతుకు పోవాలో ఆ అంకె చెప్పదు. నిలబడి ఉన్న బండి కొంచెం వంగితే ఎవరైనా ఒంటికాలితో ఆపగలరు. వంపు బాగా పెరిగిపోతే ఎంత బలవంతుడైనా ఆపలేడు. కాలు పూర్తిగా ఆని ఉంటే ఆ వంపు మొదలు కాకముందే ఆగిపోతుంది. మునివేళ్ల మీద నిలబడితే బండి వంగాకే కాలు పనిచేయడం మొదలవుతుంది.

రెండోది, వెనక మనిషి ఎక్కే క్షణం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆమె ఎడమ వైపు ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి లేచినప్పుడు ఒంటి బరువంతా ఒక పక్కనే ఉంటుంది. అప్పటికి సస్పెన్షన్ ఇంకా కిందికి దిగి ఉండదు, బండి పూర్తి ఎత్తులోనే ఉంటుంది. దానికి తోడు రెండు పక్కలా బ్యాగులు కట్టి ఉంటే కాలు వాటి మీదుగా తిప్పాలి. రోజుకు పదిసార్లు ఆగి, టీ తాగి, మళ్లీ ఎక్కే ప్రయాణంలో ఇది పదిసార్లు జరుగుతుంది. గండికోట తర్వాత షోరూముకు పోయేటప్పుడు మా ఆవిడ నాతో అన్న మాట ఇదే: "మైలేజీ, పవరూ మీరు చూసుకోండి. నేను ఎక్కేటప్పుడు బండి కదలకూడదు. నాకు అదొక్కటే కావాలి."

మూడోది ఘాట్. కడప నుంచి రాయచోటి పోయేవాళ్లకు గువ్వలచెరువు ఘాట్ తెలుసు. మలుపులో ముందున్న లారీ గేరు మార్చలేక నిలిచిపోతుంది, వెనక మీరూ నిలవాలి. రోడ్డు వెనక్కి వాలుగానూ ఉంటుంది, మలుపు లోపలి వైపుకు వాలుగానూ ఉంటుంది. కుడి కాలు బ్రేకు మీద ఉండాలి, ఎడమ కాలు నేల మీద ఉండాలి. ఎడమ వైపే పల్లమైతే మీ సీటు ఎత్తుకు ఇంకో రెండు మూడంగుళాలు కలిసినట్టే. మీటియార్ మీద అక్కడ రెండుసార్లు నిలబడ్డాను, మడమ దాకా ఆనింది. పైకెళ్లి పాలకోవా కొనుక్కుని మెల్లగా తిన్నాము. ఇంకో సంగతి, మీటియార్ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 27 ఎన్‌ఎం పూర్తిగా ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగే దగ్గరే అందుతుంది, హిమాలయన్‌కు 40 ఎన్‌ఎం అందాలంటే 5,500 దాకా పోవాలి. మెల్లగా పాకే చోట మీటియార్ గేర్లతో పెద్దగా పని పెట్టదు.

హిమాలయన్‌కు అన్యాయం చేయను. దాని సీటు ముందు భాగం సన్నగా ఉంటుంది కాబట్టి కాళ్లు దగ్గరికొస్తాయి, అంకె చెప్పినంత భయం ఉండదు. ఇద్దరు కూర్చున్నాక సస్పెన్షన్ బాగానే దిగుతుంది. తక్కువ ఎత్తు సీటు కూడా విడిగా దొరుకుతుంది, దాంతో 805కు వస్తుంది. అయినా మీటియార్ కంటే 40 మిల్లీమీటర్లు ఎక్కువే. మీరు అయిదడుగుల తొమ్మిదంగుళాలు ఉంటే ఇంతవరకూ నేను రాసింది మీకు వర్తించదు.

మీటియార్ లోపాలు కూడా ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం, 170 మిల్లీమీటర్లే, హిమాలయన్‌కు 230. పల్లెల్లో ఎవరికి వారు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఇద్దరితో దాటేటప్పుడు కింద రాసుకుంటుంది, ఏటవాలుగా ఎక్కించడం అలవాటు చేసుకున్నాను. కాళ్లు ముందుకు చాపి కూర్చునే బండి కాబట్టి గుంత వస్తే ఫుట్‌రెస్టుల మీద లేవడం కుదరదు, దెబ్బంతా నడుముకే. మూడు గంటలు ఆపకుండా నడిపితే వెన్ను కింద భాగం నొప్పి పుడుతుంది. నేను గంటన్నరకొకసారి దిగుతాను. పోయిన చలికాలంలో కన్యాకుమారికి అలాగే పోయాము. మొదటి రాత్రి సేలం, రెండో రాత్రి మదురై, మూడోనాడు మధ్యాహ్నానికి సముద్రం. దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు, ఒక్కచోట కూడా కాలు తడబడలేదు. మా ఆవిడ మదురైలో ఎక్కడం నుంచి నా భుజం పట్టుకోవడం మానేసింది. నాకు అంతకంటే ఏం కావాలి?

మిగతా బండ్ల సంగతి క్లుప్తంగా. డోమినార్ 400 హైవేకు మంచి బండి, సీటు ఎత్తు 800, డబ్బుకు తగ్గ బలం. ఎక్స్‌పల్స్ 200 తేలిక, రాళ్ల దారుల్లో ఒక్కరే తిరగడానికి బాగుంటుంది, ఇద్దరికీ సామానుకూ చాలదు. వీ స్ట్రామ్ ఎస్‌ఎక్స్ 167 కిలోలే కానీ సీటు 835. కేటీఎం అడ్వెంచర్ కుర్రాళ్లది, వేగం ఇష్టపడేవాళ్లు చూసుకోండి. సూపర్ మీటియార్ 650 సీటు 740 మాత్రమే, మామూలుగా అయితే నా మొదటి ఎంపిక అదే అయ్యుండాలి. కానీ 241 కిలోల బండిని ఇసుకలో పార్కు చేసి వెనక్కి లాగడం నా వల్ల కాదు, ధర కూడా అందదు.

ఒక్కరే పోయేవాళ్లు, లడఖ్ లాంటి చోట్ల రోడ్డు లేని దారి మీద మనసున్నవాళ్లు హిమాలయన్ తీసుకోండి, వెనక్కి చూడొద్దు. గుత్తి తమ్ముడికి నేను చెప్పింది అదే, వాడికింకా పెళ్లి కాలేదు, మనిషి ఆరడుగులు. ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలున్నదే అడుగు అని మాత్రం గట్టిగా చెప్పాను. మీటియార్‌లో చాలా రకాలకు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు మామూలుగానే వస్తాయి. నల్లమలలో ఆత్మకూరు, దోర్నాల మధ్య పంక్చరైతే ట్యూబ్‌లెస్ టైరుకు ప్లగ్ వేసుకుని పావుగంటలో కదలొచ్చు. ట్యూబు టైరైతే చక్రం విప్పాలి, అడవిలో ఎవరు విప్పుతారు?

ఇద్దరు పోయేవాళ్లకు ఒక పని చెబుతాను. షోరూముకు మీ ఆవిడనో అమ్మనో, ఎవరు వెనక కూర్చుంటారో వాళ్లను తీసుకుపోండి. ప్రయాణానికి వేసుకునే బూట్లే వేసుకోండి, చెప్పులతో పోవద్దు. పది కిలోల బ్యాగు ఒకటి వెంట ఉంచుకుని వెనక కట్టండి. బండిని షోరూం గచ్చు మీద చూడొద్దు, బయట రోడ్డు అంచున ఎడమకు వాలుగా ఉన్నచోట నిలబెట్టమనండి. మీరు కూర్చుని, ఆమెను మూడుసార్లు ఎక్కి దిగమనండి. మూడోసారికి మీ ఎడమ మడమ లేస్తోందా, ఆమె చేయి మీ భుజాన్ని గట్టిగా పట్టుకుంటోందా, రెండూ గమనించండి. తర్వాత రెండో బండి మీద కూడా ఇదే చేయండి. సేల్స్ కుర్రాడు తొందర పెడితే రేపు వస్తామని చెప్పి వచ్చేయండి.