నిమ్మ రైతులకు హెచ్చరిక: ఊళ్లోకి ఆటోలో వచ్చి అమ్మే జింకు బస్తాలు కొనేముందు ఇది చదవండి

నిమ్మతోటలున్న అన్నదమ్ములందరికీ నమస్కారం. మాది దెందులూరు వైపు. పల్లంలో వరి, కాస్త మెరకలో రెండున్నర ఎకరాల నిమ్మ ఉంది. తొమ్మిదేళ్ల చెట్లు, సుమారు 270 ఉంటాయి. ఈ ఏడాది నేను మోసపోయాను. అదే ఆటో ఇప్పుడు తాడేపల్లిగూడెం, నిడదవోలు పక్క ఊళ్లలో తిరుగుతోందని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. కాస్త పెద్దగా ఉన్నా చివరిదాకా చదవండి.

పోయిన డిసెంబరులో, వరి కోతలయ్యాక, ఒక రోజు పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్లు ట్రాలీ ఆటోలో వచ్చారు. మెడలో కార్డులు, చేతిలో ట్యాబ్. "బాబాయ్ గారూ, మీ తోటలో మట్టి ఫ్రీగా టెస్ట్ చేస్తామండి" అన్నారు. ఒక చెట్టు పాదులో పుల్లలాంటి మీటరు గుచ్చారు. ముల్లు కదిలింది. "మీ నేలలో జింకు అస్సలు లేదండి" అని తేల్చేశారు. చెట్లకి జబ్బు ఉన్న మాట నిజమే. కొత్త చిగుళ్లలో ఆకులు చిన్నవిగా, సన్నగా, దగ్గర దగ్గరగా గుత్తిలా వస్తున్నాయి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు. జింకు తక్కువైతే ఇలాగే ఉంటుంది. కొమ్మల చివర్లు కూడా ఎండుతున్నాయి. వాళ్లు చెప్పింది, నా కళ్లకి కనిపించింది ఒకటే అయ్యేసరికి నమ్మేశాను.

పది కిలోల జింకు బస్తాలు 8, ఒక్కోటి 1,150 రూపాయలు. భూసారం పెంచే గుళికలట, డబ్బాలు 5, ఒక్కోటి 2,400. మొత్తం 21,200 చేతిలో పెట్టాను. బిల్లు అడిగితే చిన్న కాగితం మీద అంకెలు వేసి ఇచ్చారు. చెట్టుకి పావుకిలో చొప్పున పాదుల్లో వేయించి నీళ్లు పెట్టాను. అలా 7 బస్తాలు విప్పాను, ఒకటి విప్పకుండా మిగిలింది.

సంక్రాంతి వెళ్లింది, పూత చిగురు వచ్చింది. మళ్లీ అవే చిన్నాకులు. మందు పట్టాలంటే టైం పడుతుందిలే అని మార్చి దాకా ఎదురు చూశాను. వేసవిలో నిమ్మకి రేటు ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ కాపే ఈసారి పలచబడింది. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్.

మా చెల్లెలి కూతురు వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో చదువుతోంది. ఉగాదికి వచ్చినప్పుడు, విప్పిన బస్తాలో అడుగున మిగిలిన గుప్పెడు తీసి చూపించాను. ముందు బస్తా మీద అక్షరాలు చదివింది. "జింకు 33 శాతం అని రాశారు. ఆ రకం మామూలుగా పొడిలా ఉంటుంది మావయ్యా. ఇవి పంచదార పలుకుల్లా మెరుస్తున్నాయేంటి? ఇలా పలుకులుగా ఉండేది 21 శాతం రకం" అంది. నమూనా పట్టుకెళ్లి, లైసెన్సు షాపులో కొన్న అసలు జింకు సల్ఫేటుతో కలిపి పరీక్ష చేసింది. నేను పక్కనే ఉండి చూశాను.

రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో అసలు జింకు, రెండోదాంట్లో నాది, మంచినీళ్లలో కరిగించింది. రెండిట్లోనూ పల్చటి కాస్టిక్ సోడా నీళ్లు కొద్దిగా పోసింది. రెండూ గంజిలా తెల్లగా విరిగాయి. అప్పుడు చిక్కటి కాస్టిక్ సోడా పోసింది. అసలు జింకు ఉన్న గ్లాసులో తెల్లదనమంతా కరిగిపోయి నీళ్లు మళ్లీ తేటగా అయ్యాయి. నా గ్లాసులో ఎంత పోసినా ఆ తెలుపు అలాగే నిలిచిపోయింది. అంటే నాకు అమ్మింది మెగ్నీషియం సల్ఫేటు. జింకు పేరుతో ఎక్కువగా జరిగే కల్తీ ఇదేనట. చూడ్డానికి 21 శాతం జింకు పలుకుల్లాగే ఉంటుంది, పైగా చౌక. మెగ్నీషియం కూడా నిమ్మకి కావాల్సిందే కాబట్టి చెట్లకి హాని జరగలేదు, కానీ నా చెట్ల జబ్బుకి అది మందు కాదు. ఈ పరీక్ష ఇంట్లో చేయకండి, కాస్టిక్ సోడా చేతులు కాలుస్తుంది, కళ్లలో పడితే ఇంకా ప్రమాదం. కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లండి.

గుళికల సంగతి. రాత్రంతా నానబెడితే నీళ్లు నల్లబడి అడుగున బంకమట్టి మిగిలింది. గుళికల మందుల్లో మట్టి వాడటం మామూలేనట, అందుకని దాన్ని పట్టుకుని మోసం అనను. కానీ డబ్బా మీద హ్యూమిక్, సీవీడ్, అమైనో అని పెద్ద అక్షరాలు తప్ప ఏది ఎంత శాతమో ఎక్కడా లేదు. ఇలాంటి బయోస్టిమ్యులెంట్లను (మొక్క ఎదుగుదలకి ఊతమిచ్చే మందుల్ని) 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. శాతాలు లేని డబ్బాని నేనైతే ఇక ముట్టుకోను.

ఇప్పుడు ఆ మీటరు గురించి, ఎందుకంటే నన్ను పడేసింది అదే. అలా గుచ్చే మీటరు జింకు ఎంతుందో చెప్పలేదు. మట్టిలో జింకు తెలియాలంటే ల్యాబులో రసాయనంతో బయటికి తీసి యంత్రం మీద కొలవాలి. ఆ పని నేను తర్వాత చేయించాను. ఉదజని సూచిక (pH) 8.2, అంటే క్షారం ఉన్న నేల, భాస్వరం చాలా ఎక్కువ అని వచ్చింది. ఆ భాస్వరం, ఏళ్ల తరబడి అలవాటుగా డీఏపీ (భాస్వరం ఎక్కువుండే ఎరువు) వేసిన ఫలితం. క్షారం ఎక్కువున్న మన బరువు నేలల్లో వేసిన జింకు మట్టిలోనే బిగుసుకుపోతుంది, భాస్వరం ఎక్కువైతే ఇంకా తక్కువ అందుతుంది. అంటే వాళ్లు అసలు జింకే ఇచ్చినా, నేను పాదులో వేసిన పద్ధతికి సగం దండగే అయ్యేది. ఇది తెలిశాక నాకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధేసింది. మట్టి పరీక్ష ముందే చేయించి ఉంటే డీఏపీ ఖర్చు కూడా ఎప్పుడో తగ్గేది.

ఇప్పుడు లేత చిగురు మీద పిచికారీ చేస్తున్నాను. లీటరు నీటికి జింకు సల్ఫేటు 5 గ్రాములు, మాంగనీసు, మెగ్నీషియం, ఫెర్రస్ సల్ఫేట్లు 2 గ్రాముల చొప్పున, బోరాక్స్ 1 గ్రాము, సున్నం 6 గ్రాములు, యూరియా 10 గ్రాములు. సున్నం వేసేది ఆకు మాడకుండా. మీ తోటకి ఎంత కావాలో మీ ఉద్యాన అధికారిని అడిగి వేసుకోండి.

ఇంకో సంగతి. ఆకు పసుపైతే అంతా జింకే అనుకోకండి. ముదురాకు మొత్తం పాలిపోతే నత్రజని లోపం కావచ్చు. ముదురాకు మొదట్లో పచ్చటి త్రికోణం మిగిలి అంచులు పసుపైతే మెగ్నీషియం. వానాకాలంలో పాదుల్లో నీళ్లు నిలిచి వేరు ఊపిరాడకపోయినా చెట్టంతా పసుపెక్కుతుంది, డెల్టాలో ఇది చాలా తోటల్లో చూస్తాం. అప్పుడు కావాల్సింది బస్తా కాదు, మురుగు కాలువ. జింకు లోపం మాత్రం కొత్త చిగురులో కనిపిస్తుంది.

ఫిర్యాదు చేయబోతే ఎదురైన ఇబ్బంది కూడా చెప్పాలి. వ్యవసాయ అధికారి మొదట అడిగింది బిల్లు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అమ్మేవాడికి అనుమతి పత్రం ఉండాలి, కొన్నవాడికి పద్ధతి ప్రకారం బిల్లు ఇవ్వాలి. బస్తా మీద తయారీదారు పేరు, పోషకాల శాతం, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, బరువు ఉండాలి. నా బస్తా మీద తేదీ స్టిక్కర్ అంటించి ఉంది, మూతి చేత్తో కుట్టి ఉంది. అప్పుడు గమనించలేదు. విప్పిన బస్తాలోని సరుకు సాక్ష్యానికి నిలవదని చెప్పారు. మిగిలిన ఆ ఒక్క బస్తానే ఇప్పుడు నాకు ఆధారం. ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకున్నాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాను. ఇంకా ఏమీ తేలలేదు.

ఆ ఆటో మీ ఊరొస్తే ముందు అనుమతి పత్రం అడగండి, ఫోటో తీసుకోండి, బండి నంబరు రాసుకోండి. ఇప్పటికే కొనేసి ఉంటే దయచేసి ఒక్క బస్తా అయినా విప్పకుండా ఉంచండి. ఇద్దరు ముగ్గురం కలిసి మూతి విప్పని బస్తాలతో వెళ్తే కేసుకి బలం ఉంటుందని అధికారే చెప్పారు. మీ దగ్గర ఉంటే ఇక్కడే రాయండి, నేను వచ్చి కలుస్తాను.