కేవ్ డైవింగ్‌కి ఫింగర్ స్పూల్: కొన్నేళ్లు వాడాక నా మాట

నీళ్లు నిండిన గుహలో ఏదైనా తేడా వస్తే పైకి తేలిపోయే వీలుండదు, నెత్తిమీద రాయి ఉంటుంది. కాలికి తొడిగిన ఫిన్ తగిలి అడుగున ఉన్న మెత్తటి బురద లేచిందంటే చేతిలో లైటు ఉన్నా చెయ్యి కనపడదు. అప్పుడు బయటికి తీసుకొచ్చేది గైడ్‌లైన్ ఒక్కటే, అంటే బయటి నుంచి లోపలి దాకా వేసుకుంటూ వెళ్లే సన్నటి తాడు. 1979లోనే అమెరికన్ కేవ్ డైవర్ షెక్ ఎక్స్‌లీ గుహ ప్రమాదాలను విడదీసి చూసి, బయటి దాకా తెగకుండా లైన్ లేకపోవడాన్ని ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపించాడు. అందుకే నా సామానులో నేను ఎక్కువ ఆలోచించి కొన్నది ఆ లైన్ చుట్టి పెట్టుకునే ఈ స్పూలే.

నేనుండేది బరంపురంలో. డైవింగ్ మాత్రం మెక్సికోలో, తులుం చుట్టూ ఉన్న సెనోటేల్లో, అంటే సున్నపురాయి కూలి ఏర్పడిన నీటి గుంటల్లో.

స్పూల్‌లో కదిలే భాగాలేవీ లేవు. మధ్యలో వేలు పట్టే రంధ్రం, చుట్టూ 45 మీటర్ల తెల్ల నైలాన్ లైన్, తగిలించుకోడానికి ఒక బోల్ట్ స్నాప్ (కొక్కెం), అంతే. పిడి ఉన్న రీల్‌లో లైన్ కాస్త వదులైతే పక్క సందులోకి దూరి బిగుసుకుంటుంది. దీంట్లో చిక్కు పడినా కళ్లెదుటే ఉంటుంది, చేత్తో విప్పేయొచ్చు. గుహలో ముందే వేసి ఉండే మెయిన్ లైన్ నుంచి పక్క దారికి జంప్ (కలిపే లైన్) వెయ్యడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. కానీ వెనక్కి చుట్టడం బాగా ఆలస్యం. గుహ ముఖం నుంచి మెయిన్ లైన్ దాకా వేసే పొడుగాటి లైన్‌కి ఇప్పటికీ రీలే తీసుకెళ్తాను.

లైన్‌ని రాయికి కట్టే మొదటి ముడి సూటిగా పైకి వెళ్లగలిగే చోట, రెండోది గుహలోకి అడుగు పెట్టగానే వేస్తాం. అసలు పనితనం ఆ తర్వాతే. మలుపు దగ్గర రాయికి చుట్టు వెయ్యకుండా లాగితే, లైన్ జారి సన్నటి పగుల్లోకి పోతుంది. లైన్ మీద చెయ్యి పెట్టుకుని వస్తుంటే చెయ్యి దూరుతుంది, మనిషి దూరడు. చీకట్లో దీనంత టెన్షన్ పెట్టేది ఇంకోటి లేదు.

నేను కొన్న స్పూల్‌కి మూడేసి మీటర్లకు ఉండాల్సిన ముడులు లేవు. అమ్మినవాళ్లు చెప్పనూ లేదు. కూర్చుని నేనే వేసుకున్నాను. కళ్లు పనిచెయ్యనప్పుడు ఎంత దూరం వచ్చామో వేళ్లకి చెప్పేవి ఆ ముడులే. బయటి దిక్కు చూపే ప్లాస్టిక్ బాణాలు విడిగా కొనుక్కోవాలి.

గోపాల్‌పూర్ సరుగుడు తోటలో చెట్లకి లైన్ కట్టి, మాస్క్ మీద నల్లగుడ్డ వేసుకుని నేనూ మా తమ్ముడూ ప్రాక్టీసు చేస్తుంటాం. ఒకసారి అక్కడ వల బాగుచేసుకుంటున్న మావ ఒకాయన మా లైన్‌ని రెండు వేళ్ల మధ్య జార్చుకుంటూ పోయి ఒక చోట ఆగాడు. "ఇక్కడ పీసు లేసింది బాబూ, తెగిపోద్ది" అన్నాడు. చూపు మాత్రం వల మీదే ఉంది. సున్నపురాయి అంచుకి ఒరుసుకున్న చోటు అది, నా కంటికి ఆనలేదు. అప్పటినుంచి ప్రతి ట్రిప్పు ముందూ లైనంతా వేళ్లతో తడిమి చూస్తాను. స్పూల్ అదే ఉంది, లైన్ మాత్రం మారుస్తూ ఉంటాను. చవగ్గా వచ్చే పాలీప్రొపిలీన్ జోలికి పోకండి. అది తేలి కాళ్లకి చుట్టుకుంటుంది, నైలాన్ మునుగుతుంది.

కేవ్ కోర్సు చేసినవాళ్లకే ఇది చెప్తున్నాను. కొనేటప్పుడు గ్లవ్ వేసుకుని రంధ్రంలో వేలు పెట్టి తిప్పి చూడండి, అంచులు నున్నగా ఉండాలి. లైన్ అంచు దాకా నింపకండి. తిరిగి చుట్టేటప్పుడు ఎప్పుడూ మొదటంత బిగువుగా రాదు, పక్కలకి జారిపోతుంది.