ఊరి ప్రణాళికకు ఏది ఆధారం: జనగణనా, నమూనా సర్వేనా?

అంగన్‌వాడీ కేంద్రం ఏ ఊళ్లో పెట్టాలన్నది జిల్లా సగటు చూసి తేల్చే విషయం కాదు. 2011 జనగణన ప్రాథమిక పట్టికలో ప్రతి గ్రామానికీ, పట్టణంలో ప్రతి వార్డుకూ విడిగా ఒక వరుస ఉంటుంది: ఇళ్లు, జనాభా, ఆరేళ్లలోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, అక్షరాస్యులు, పనిచేసేవారు. 2016లో తెలంగాణ జిల్లాల హద్దులు మారినా, ఊళ్ల వరుసలను కలుపుకుంటూ పోతే కొత్త మండలం లెక్క వస్తుంది. కొన్ని ఇళ్లను మాత్రమే ఎంచి అడిగే నమూనా సర్వేకు ఈ వెసులుబాటు లేదు.

జనగణనకున్న పెద్ద లోపం పాతబడటం. ఆనాడు లెక్కించిన పసిపిల్లలు ఇప్పుడు కౌమారం దాటుతున్నారు. 2021లో జరగాల్సిన గణన వాయిదా పడింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21 నాటిది. రక్తహీనత, ఎదుగుదల లోపం, టీకాలు వంటి, జనగణన అడగని సంగతులు చెబుతుంది. అయితే దేశం మొత్తం మీద చూసింది సుమారు 6.37 లక్షల ఇళ్లనే. జిల్లా దాటి కిందికి దిగితే నమూనా మరీ పలచబడుతుంది. సర్వే చెప్పే జిల్లా శాతాన్ని యథాతథంగా ఒక ఊరికి అంటగట్టడం అన్యాయం.

అంగన్‌వాడీ కేంద్రం ఎక్కడన్నదానికి నా ఓటు జనగణనకే, అదీ తాజా జనన నమోదులతో సరిచూసుకున్నాక. అక్కడ ఏ సేవ ముందు అందించాలన్నదానికి సర్వే.