చార్మినార్ రూపాయికి ఈ ఆల్బమ్ వద్దు

వరంగల్, హనుమకొండ స్టేషనరీ దుకాణాల్లో నాణేల ఆల్బమ్ అడిగితే ఎక్కువగా చేతికొచ్చేది ఒకటే రకం: రెగ్జిన్ అట్ట, లోపల మెత్తటి ప్లాస్టిక్ జేబులు. నాణెం జారిపోదు, రెండు వైపులా కనిపిస్తుంది. అయినా నిజాం కాలపు చార్మినార్ రూపాయి లాంటి వెండి బిళ్లకు మాత్రం పనికిరాదు.

లోపమంతా జేబుల్లోనే. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే పీవీసీ అనే ప్లాస్టిక్ అని అనుమానించాలి. మెత్తదనం కోసం కలిపిన పదార్థం వేడికి బయటికి ఊరుతుంది, ప్లాస్టిక్ నుంచి పుట్టే ఆమ్లం లోహాన్ని తింటుంది. మన ఎండాకాలంలో బీరువా లోపల ఎంత వేడో చెప్పనక్కర్లేదు. ముందు జిగురు, తర్వాత పచ్చటి పొర, చివరికి గుంటలు. తేల్చుకోవాలంటే ఎర్రగా కాల్చిన రాగి తీగను జేబు నుంచి కత్తిరించిన ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట పచ్చగా మారితే పీవీసీయే. ఆరుబయటే చేయాలి, ఆ పొగ పీల్చొద్దు.

హాలీ సిక్కా, అంటే ఈ చార్మినార్ రూపాయి, విలువంతా సన్నటి గీతల్లో ఉంది. చార్మినార్ నడిమి కమానులో ‘మీమ్’ అనే ఉర్దూ అక్షరముంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపుది, ‘ఐన్’ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఆ అక్షరం, హిజ్రీ సంవత్సరం చెదిరితే సేకరించేవాళ్లు ఎక్కువ పెట్టరు, మిగిలేది వెండి తూకమే. 11.18 గ్రాముల్లో వెండి 81.8 శాతం, అంటే దాదాపు 9.1 గ్రాములు. చింతపండుతోనో బూడిదతోనో తోమినా ఆ గీతలే అరిగిపోతాయి. దయచేసి తోమకండి.

ఇప్పటికే జిగురు పట్టిందా? గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి కొన్ని నిమిషాలు నానబెట్టండి, ద్రవం మార్చి మరోసారి. గోళ్ల రంగు తీసే ద్రవం వద్దు, అందులో నూనెలు, సెంటు ఉంటాయి. దగ్గర్లో మంట ఉండకూడదు. రుద్దకుండా ఆరనివ్వండి. గుంటలు పడితే మాత్రం అవి పోవు.

ఆల్బమ్ బదులు మైలార్ (పీవీసీ కాని పారదర్శక పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు కొనండి. నాణెం వ్యాసం కొలిచి కాస్త పెద్ద కిటికీ ఎంచుకోవాలి. నాణెం పెట్టి అట్ట మడిచి స్టేపుల్ కొట్టాక, పిన్నుల కొనలు పట్టకారుతో చదును చేయకపోతే పక్క నాణేన్ని గీరుతాయి. నాణెం తీసేటప్పుడు ముందు పిన్నులన్నీ ఊడదీయండి.