జాగ్రత్త: ‘సీనియర్ల కోసం నిదానమైన టూర్’ అన్న మాట చూసి డబ్బు కట్టకండి

అరవై దాటినవాళ్ళు, అమ్మానాన్నలను గ్రూప్ టూర్‌కి పంపుదామనుకుంటున్న పిల్లలు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి.

నాకు 67 ఏళ్ళు, మా వారికి 73. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, బీపీ ఉన్నాయి. రోజూ సాయంత్రం అరగంట నడుస్తారు, అదీ మధ్యలో రెండుసార్లు కూర్చుని. ఇవన్నీ బుక్ చేసేటప్పుడే చెప్పాం. “మేడమ్, ఈ ప్యాకేజీ మీలాంటివాళ్ళ కోసమే. అంతా నిదానంగా ఉంటుంది, ఎక్కడా హడావిడి ఉండదు” అన్నాడు ఫోన్లో మాట్లాడిన అబ్బాయి. అరచేతిలో వైకుంఠం చూపించాడు. బ్రోచర్ మీద కూడా అదే మాట ఉంది, పక్కన చేతులు పట్టుకుని నడుస్తున్న పెద్ద వయసు దంపతుల ఫొటో. నమ్మాం.

12 రోజులు, 11 రాత్రులు, 8 హోటళ్ళు. ఈ లెక్క మా చేతికిచ్చిన కాగితంలోనే ఉంది. చూడబోయే ఊళ్ళ పేర్లు ఎన్నిసార్లు చదువుకున్నామో, ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులు అని ఒక్కసారి కూడా లెక్కపెట్టుకోలేదు. మూడు చోట్ల రెండేసి రాత్రులు, మిగతా అయిదు చోట్ల ఒక్కో రాత్రి. ఒక్క రాత్రి ఉండే ఊరంటే ఏమిటో వెళ్ళాక తెలిసింది. రాత్రి తొమ్మిదిన్నరకు గది తాళం చేతికొస్తుంది. పొద్దున ఆరుంబావుకల్లా పెట్టెలు తలుపు బయట పెట్టాలి, ఏడున్నరకు బస్సు కదులుతుంది. అంటే అయిదింటికి లేవాలి. పెట్టె విప్పాలా, మందులు ఒక్కటీ తీసుకుంటే చాలా అని నేను రోజూ రాత్రి ఆ గది మధ్యలో నిలబడి ఆలోచించేదాన్ని.

నిద్ర చాలకపోవడం కూడా ఎలాగో ఓర్చుకోవచ్చు. అసలు ఇబ్బంది ఇంకొకటి. “ఇవాళ నాకు బాగా లేదు, మీరు వెళ్ళి చూసి రండి, నేను గదిలో పడుకుంటాను” అనడానికి అక్కడ గదే ఉండదు. పొద్దునే ఖాళీ చేసేశాం కదా. సాయంత్రం పడుకునే మంచం ఇంకో ఊళ్ళో, రెండొందల కిలోమీటర్ల అవతల ఉంది. కాళ్ళు పీకినా, జ్వరం తగిలినా, కడుపు పాడైనా ఆ బస్సులోనే కూర్చుని అందరితో పాటు తిరగాల్సిందే. సేల్స్ వాళ్ళు “వద్దనుకున్నది మానేయొచ్చు, బలవంతమేం లేదు” అంటారు. వాళ్ళు చెప్పేది రెండు మూడు రాత్రులు ఒకే హోటల్లో, అదీ ఊరి నడిబొడ్డున ఉన్నప్పుడు నిజం. పెద్దవాళ్ళకు నిదానమైన టూరో కాదో తేల్చేది నా దృష్టిలో ఇదొక్కటే: పగటిపూట నడుం వాల్చడానికి మన గది మనకు ఉందా, లేదా.

మూడో రోజుకే మా వారి పాదాలు వాచాయి. బూట్ల తాళ్ళు సగం వదులు చేసి నడిచారు. నాలుగో రోజు జరిగింది మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే నా గుండె దడదడలాడుతుంది.

ఆ మధ్యాహ్నం కొండ మీద ఉన్న ఒక పాత ఊరికి తీసుకెళ్ళారు. ప్రోగ్రామ్‌లో “పాత పట్టణంలో చిన్న నడక” అని రాసి ఉంది. బస్సు పైకి రాదు, కింద పార్కింగ్‌లో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఎక్కుడు. గుండ్రటి రాళ్ళు పరిచిన దారి, వందల ఏళ్ళుగా నడిచి నడిచి నున్నగా అయిపోయిన రాళ్ళు. పాదం ఎక్కడ పెట్టినా ఒక పక్కకి ఒరుగుతుంది. మధ్య మధ్య మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మా వారు ముందు కర్ర ఆనించి, అది జారడం లేదని చూసుకుని, అప్పుడు పాదం వేస్తున్నారు. గైడ్ జెండా పట్టుకుని ముందు వెళ్ళిపోతున్నాడు. మలుపులో ఆగి అందరూ వచ్చేదాకా చూస్తాడు. చివరి మనిషి అక్కడికి చేరగానే “అందరూ వచ్చేశారు, పదండి” అని కదులుతాడు.

ఇది ఏ గ్రూప్ టూర్‌లోనైనా గమనించండి. ముందు నడిచేవాళ్ళకు ప్రతి మలుపులో నాలుగైదు నిమిషాల విశ్రాంతి దొరుకుతుంది. ఆఖరున వచ్చే మనిషికి ఒక్క నిమిషం కూడా దొరకదు. అందరికన్నా ఎక్కువగా ఆగాల్సిన మనిషే అస్సలు ఆగకుండా నడుస్తాడు. చెవిలో పెట్టుకోమని ఇచ్చే రేడియో కూడా గైడ్‌కి కాస్త దూరమైతే గరగరమని ఆగిపోతుంది. కాబట్టి వెనకబడ్డవాళ్ళకు చూడడమూ లేదు, వినడమూ లేదు, ముందున్న వీపుల వెంట నడవడమే.

చాలా దేశాల్లో రోడ్డు దాటే సిగ్నల్‌కి సెకనుకు దాదాపు 1.2 మీటర్లు నడిచే మనిషిని లెక్కలోకి తీసుకుని టైం పెడుతూ వచ్చారు. ఆ లెక్కన కిలోమీటరుకి 14 నిమిషాలు. డెబ్బై దాటినవాళ్ళలో చాలామంది అంత వేగం అందుకోలేరు. ఇంటికొచ్చాక గడియారం పెట్టి చూశాను, చదునైన రోడ్డు మీద మా వారికి కిలోమీటరుకి 24 నిమిషాలు పట్టింది. గైడ్ “పది నిమిషాల నడక” అంటే మాకు పదిహేడు నిమిషాలన్నమాట. ఎక్కుడైతే ఇంకా ఎక్కువ. మీ అమ్మానాన్నలకు ఎంత పడుతుందో బుక్ చేసేముందే ఒకసారి వాళ్ళతో నడిచి చూడండి.

సగం దూరం ఎక్కాక ఆయన ఇంక నావల్ల కాదన్నారు. మూసి ఉన్న ఒక దుకాణం ముందు రాతి అరుగు ఉంటే కూర్చోబెట్టాం. “ఇక్కడే ఉండండి సార్, నలభై నిమిషాల్లో ఇదే దారిన వస్తాం” అన్నాడు గైడ్. నేనూ ఉంటానంటే “ఇంత దూరం వచ్చి చూడకుండా పోతావా, వెళ్ళు” అని ఆయనే పంపించారు. వెళ్ళకుండా ఉండాల్సింది. తీరా పైనంతా తిప్పి ఇంకో పక్కనుంచి దింపడం మొదలుపెట్టాడు గైడ్. అడిగితే, బస్సుకి పార్కింగ్ టైం అయిపోతోంది, ఇటైతే దగ్గర, కిందికి వెళ్ళాక ఎవరినైనా పంపిస్తాను అన్నాడు. నేను ఒక్కదాన్నే వెనక్కి తిరిగాను. సందులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. రెండుసార్లు దారి తప్పాను.

నేను చేరేసరికి గంటన్నర అయింది. ఆయన కూర్చుని లేరు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి దారి మధ్యలో నిలబడి ఉన్నారు. అరుగు మీద కూర్చుంటే మేం చూసుకోకుండా వెళ్ళిపోతామేమోనని అంతసేపూ నిలబడే ఉన్నారట. దగ్గర నీళ్ళ సీసా లేదు, నా సంచిలోనే ఉండిపోయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. హోటల్ పేరు అడిగితే చెప్పలేకపోయారు, రోజుకో హోటల్ కదా.

బస్సెక్కాక టూర్ మేనేజర్‌ని నిలదీశాను. క్షమించమన్న మాట రాలేదు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి చూపించాడు. బుకింగ్ రోజు మేం సంతకం పెట్టిన షరతుల్లో ఉంది: ఈ ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నామని, గ్రూప్ వేగాన్ని అందుకోలేకపోతే ఆ కార్యక్రమం మానుకుంటామని, దానికి డబ్బు వాపసు అడగమని. బ్రోచర్ మీద పెద్ద అక్షరాల్లో “నిదానంగా”, షరతుల్లో చిన్న అక్షరాల్లో “గ్రూప్ వేగం”. ఫోన్లో అబ్బాయి చెప్పిందేదీ కాగితం మీద లేదు. తిరిగొచ్చాక రెండు నెలలు ఈమెయిళ్ళు పెడితే తర్వాతి టూర్‌లో తగ్గింపు ఇస్తామన్నారు. పైసా వాపసు రాలేదు.

ఒక్క డ్రైవర్‌ని మాత్రం మెచ్చుకోవాలి. చెప్పకుండానే ప్రతిసారీ తలుపు దగ్గర చిన్న మెట్టు పీట వేసి, మా వారి మోచెయ్యి పట్టుకుని దింపేవాడు.

ఇప్పుడు డబ్బు కట్టేముందు ఏం అడగాలో చెప్తాను. మాట్లాడేది ఫోన్లో అయినా జవాబు మాత్రం ఈమెయిల్లో తెప్పించుకోండి. “నిదానంగా ఉంటుందా?” అని అడిగితే ప్రతి ఒక్కరూ అవుననే అంటారు. అంకెలు అడగండి. ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులు, రోజూ బస్సు ఎన్నింటికి కదులుతుంది, బస్సు దిగిన చోటు నుంచి చూసే చోటుకి ఎన్ని మీటర్లు, ఎన్ని మెట్లు, లిఫ్ట్ ఉందా, కూర్చునే చోటుందా. నిజంగా పెద్దవాళ్ళతో టూర్లు నడిపేవాళ్ళ దగ్గర వీటికి జవాబు సిద్ధంగా ఉంటుంది. నీళ్ళు నమిలితే ఆ టూర్ వదిలేయండి.

గ్రూప్‌లో ఎంతమందో తప్పకుండా అడగండి. మాది 45 మంది. అంతమంది బస్సు దిగి, మళ్ళీ ఎక్కి, తలలు లెక్కపెట్టేసరికి ఒక్కో చోట ఇరవై నిమిషాలు పోయేవి. రోజుకి ఆరు చోట్ల ఆగితే రెండు గంటలు దానికే. ఆ పోయిన టైం ఎక్కడ కోస్తారంటే, చూసే చోటా, విశ్రాంతి దగ్గరా కోస్తారు. షాపింగ్ దగ్గర మాత్రం కోయలేదు. గైడ్‌తో పాటు వెనక నడిచే రెండో మనిషి ఉంటాడా అన్నది ఇంకో ప్రశ్న. ఆ ఒక్క మనిషి ఉండి ఉంటే మా వారు అలా దారి మధ్యలో నిలబడేవారు కాదు.

బాత్రూమ్ ఎన్ని గంటలకొకసారి అన్నది అడగడానికి మొహమాటపడకండి. యూరప్ టూర్ అయితే, యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం డ్రైవర్ నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కి మొత్తం 45 నిమిషాలు, ఒకేసారి కాకపోతే ముక్కలుగానైనా, ఆపి తీరాలి. అది డ్రైవర్ అలసట కోసం పెట్టిన రూలు, మన అవసరానికి సరిపోదు. కొన్ని బస్సుల్లో టాయిలెట్ ఉన్నా తాళం వేసి ఉంచుతారు. మా బస్సులో ముగ్గురు పెద్దావిడలు భయంతో పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేశారు, ఒకావిడ నీరు పోవడానికి డాక్టరిచ్చిన బీపీ మాత్ర కూడా ఆపేశారు. వయసు పెరిగితే దాహం సరిగా తెలియదు, పైగా నీళ్ళు మానేస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. మాత్ర వేళ మార్చుకోవచ్చేమో ప్రయాణానికి ముందే డాక్టర్‌ని అడగండి, సొంతంగా ఆపొద్దు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే, విమానమైనా బస్సైనా, కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కూర్చున్నచోటే మడమలు ఆడిస్తూ ఉండాలి, బస్సు ఆగినప్పుడల్లా దిగాలి.

వెళ్ళే చోటు గురించి కూడా సొంతంగా కనుక్కోండి. వెనిస్ ఉందనుకోండి, పాత నగరంలోకి బస్సు రాదు, నాలుగు వందలకు పైగా వంతెనలు, చాలావాటికి మెట్లే. పెరూలో కుస్కోకి విమానం నేరుగా 3,400 మీటర్ల ఎత్తున దింపుతుంది. 2,500 మీటర్లు దాటితే ఎత్తు పడక తలనొప్పి, వికారం, ఆయాసం రావచ్చు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వెళ్ళకూడదు. బ్రోచర్లో ఈ ఎత్తులు, మెట్లు ఉంటాయని ఎదురుచూడకండి, మా బ్రోచర్లో ఒక్కటీ లేదు. “చూపిస్తాం” అన్న మాటకు అర్థం కూడా అడగండి. మాకు సగం చోట్ల బస్సు కిటికీలోంచే చూపించారు.

ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చైర్ ఇస్తారు కదా అని ధైర్యపడకండి. అది 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పి పెట్టుకోవాలి. టూర్‌లో మాత్రం అలాంటి సాయం ఏదీ ఉండదు, అడిగి రాయించుకుంటే తప్ప. ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులు దాచకుండా రాయండి, లేకపోతే క్లెయిమ్ అప్పుడు కొట్టేస్తారు. మందులు, ఇన్సులిన్ చేతి సంచిలోనే. రోజూ హోటల్ కార్డు ఒకటి పెద్దవాళ్ళ జేబులో, దాని వెనక టూర్ మేనేజర్ నంబరు. నేను అయిదో రోజు నుంచి ఇది చేశాను.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్ళు ఈ రోజే ఆ ప్రోగ్రామ్ తీసి రాత్రులు లెక్కపెట్టండి. సరిపడదనిపిస్తే వెంటనే మాట్లాడండి. ప్రయాణం తేదీ దగ్గరపడే కొద్దీ రద్దు చేస్తే కోసుకునే డబ్బు పెరుగుతూ పోతుంది, ఆఖరి రోజుల్లో అయితే ఏమీ రాదు. ఏ తేదీ దాటితే ఎంత కోస్తారో మీ షరతుల్లోనే రాసి ఉంటుంది. నేను దాన్ని చదివింది తిరిగొచ్చాకే.