ఫ్రీరేడియస్‌లో సెషన్ టైమ్ లిమిట్లు: హాస్టల్ వైఫైలో ఏళ్ల తరబడి వాడాక

మా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో వైఫై లాగిన్‌లన్నీ ఫ్రీరేడియస్ (యూజర్ పేరు, పాస్‌వర్డ్ సరిచూసి లోపలికి వదిలే, ఎవరు ఎంత వాడారో రాసిపెట్టే రేడియస్ సర్వర్ సాఫ్ట్‌వేర్) మీదే నడుస్తాయి. 3.0 వెర్షన్ రోజుల నుంచి ఇప్పటి 3.2 దాకా దాని బాగోగులు చూసే పని నాదే. ఈ సాఫ్ట్‌వేర్ చేసే పనులు చాలా ఉన్నాయి కానీ నేను టైమ్ లిమిట్ల గురించే రాస్తాను. హాస్టల్లో గొడవలు వచ్చేది అక్కడే. "మూడు గంటలన్నారు, రెండు గంటలకే కట్ అయింది సార్" అని ఓ కుర్రాడు వచ్చి నిలబడితే, అతనికి లెక్క తీసి చూపించగలగాలి. చూపించలేకపోతే లిమిట్ పెట్టే హక్కు మనకు లేదని నా నమ్మకం. ఆ లెక్క చూపించడానికి ఫ్రీరేడియస్ కన్నా నమ్మకమైనది నాకు ఇంతవరకూ దొరకలేదు. అయితే దానికి అందే అకౌంటింగ్ (ఎవరు ఎప్పుడు మొదలుపెట్టి ఎంతసేపు వాడారనే సమాచారం) ఎంత సరిగా ఉంటే, అది చెప్పే లెక్క అంతే సరిగా ఉంటుంది.

కొత్తగా పెట్టుకునేవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. టైమ్ అయిపోగానే కనెక్షన్ తెంపేది రేడియస్ సర్వర్ కాదు. యూజర్ లాగిన్ అయిన క్షణంలో సెషన్-టైమౌట్ అనే విలువను, అంటే "ఇతనికి ఇన్ని సెకన్లు" అనే మాటను, గేట్‌వేకి (యూజర్లను నెట్‌కి కలిపే పెట్టెకి) పంపి సర్వర్ ఊరుకుంటుంది. ఆ సెకన్లు లెక్కపెట్టేదీ, చివర్లో తెంపేదీ గేట్‌వేనే. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2865 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఇది 27వ నంబరు ఆట్రిబ్యూట్ (సర్వర్, గేట్‌వే పంపుకునే విలువల్లో ఒకటి). ఈ పద్ధతి పుట్టింది డయలప్ మోడెముల కాలంలో. అప్పట్లో ఒక మనిషి, ఒక ఫోన్ లైను, ఒక సెషన్. లాగిన్‌లో చెప్పిన సెకన్లు చాలు. ఇప్పుడు ఒక్కో స్టూడెంట్ చేతిలో ఫోను, బల్ల మీద ల్యాప్‌టాప్. ఇకపై నేను చెప్పబోయే చిక్కులు చాలావరకు ఈ తేడాలోంచే వస్తాయి.

రోజుకు ఇంత అని లిమిట్ పెట్టడానికి ఎస్‌క్యూఎల్‌కౌంటర్ అనే మాడ్యూల్ ఉంది. దాన్ని ఎనేబుల్ చేసి, కాన్ఫిగరేషన్‌లోని ఆథరైజ్ సెక్షన్‌లో ఎస్‌క్యూఎల్ లైను తర్వాత డైలీ కౌంటర్ పేరు రాయాలి. ఆ తర్వాత డేటాబేస్‌లోని రాడ్‌చెక్ టేబుల్లో యూజర్‌కి గానీ, రాడ్‌గ్రూప్‌చెక్‌లో గ్రూపుకి గానీ మ్యాక్స్-డైలీ-సెషన్ కింద 10800 ఇస్తే రోజుకు మూడు గంటలు. గ్రూపుకి ఇవ్వడమే మేలు. ఫస్టియర్ పిల్లల గ్రూపు, ప్రాజెక్టు చేసే ఫైనలియర్ గ్రూపు వేరువేరుగా ఉంటే, పరీక్షలప్పుడు ఒక్క వరుస మారిస్తే సరిపోతుంది. లాగిన్ వచ్చిన ప్రతిసారీ మాడ్యూల్ సెషన్ల చిట్టా ఉండే రాడ్‌అకౌంట్ టేబుల్ చూసి, ఇవాళ వాడిన సెకన్లు కూడి, మిగిలినవి సెషన్-టైమౌట్‌గా పంపుతుంది. ఏమీ మిగలకపోతే రిజెక్ట్. నిన్న రాత్రి మొదలై ఇవాళ్టికి సాగిన సెషన్ ఉంటే, అర్ధరాత్రికి ముందు భాగాన్ని తీసేసి ఇవాళ్టి వాటానే లెక్కేస్తుంది. ఇంత జాగ్రత్తగా రాసిన క్వెరీని (డేటాబేస్‌కి ఇచ్చే ఆజ్ఞని) ముందే తయారుగా ఇవ్వడం నాకు బాగా నచ్చింది.

అర్ధరాత్రి దగ్గర ఇంకో విశేషం ఉంది. ఒక స్టూడెంట్‌కి ఇంకా గంట మిగిలి ఉండగా రాత్రి పదకొండున్నరకు లాగిన్ అయ్యాడనుకోండి. అతనికి 3600 సెకన్లు వస్తాయని మనం అనుకుంటాం. లాగ్‌లో మాత్రం 12600 కనిపిస్తుంది. ఇది బగ్ కాదు. మిగిలిన టైమ్ రీసెట్ (అర్ధరాత్రి కొత్త కోటా మొదలయ్యే క్షణం) దాటిపోతుంటే, రీసెట్ దాకా ఉన్న 1800 సెకన్లకు మర్నాటి కోటా 10800 కూడా కలిపి ఇస్తుంది. అర్ధరాత్రి దాటగానే మళ్లీ లాగిన్ అవ్వాల్సిన పని తప్పించడానికి కావాలనే అలా రాశారు. సెషన్-టైమౌట్‌కి మాత్రమే ఇది వర్తిస్తుంది. రాత్రి అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేస్తున్న కుర్రాడికి పన్నెండింటికి లైను తెగకుండా కాపాడేది ఇదే.

అలాగే ఆ "అర్ధరాత్రి" ఎవరిదో చూసుకోవాలి. రీసెట్ సర్వర్ లోకల్ టైమ్ ప్రకారం జరుగుతుంది. క్లౌడ్‌లో తీసుకున్న మెషీన్లు చాలావరకు యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటాయి. అంటే మన కోటా తెల్లవారుజామున ఐదున్నరకు మారుతుంది. రాత్రి పన్నెండు దాటాక ల్యాబ్ రికార్డు రాసే పిల్లలకు అది పెద్ద తేడా. ఏషియా/కోల్‌కతా టైమ్‌జోన్ పెట్టి, డేటాబేస్‌ది కూడా సరిచూసి, సర్వీసు రీస్టార్ట్ చేయడం మొదటి రోజే అయిపోవాలి. ఎన్‌టీపీ సింక్ (నెట్ ద్వారా గడియారాన్ని సరిచేసుకోవడం) కూడా అంతే ముఖ్యం. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో గడియారాలను సింక్‌లో ఉంచాలనీ, లాగ్‌లను 180 రోజులు దాచాలనీ ఉంది.

ఇక రెండు డివైజ్‌ల సంగతి. సైమల్టేనియస్-యూజ్ (ఒకేసారి ఎన్ని లాగిన్లు ఉండొచ్చన్నది) రెండు అని పెట్టి, రోజుకు మూడు గంటలని లిమిట్ ఇచ్చామనుకోండి. ఆరింటికి ఫోను లాగిన్ అయింది, దానికి మూడు గంటలు. ఆరూ ఐదుకి ల్యాప్‌టాప్ లాగిన్ అయింది, దానికీ దాదాపు మూడు గంటలే. ఎందుకంటే అప్పటికి వాడింది లెక్కలో ఐదు నిమిషాలకు మించదు. రెండూ కలిపి ఆరు గంటలు నడుస్తాయి. లాగిన్‌లో ఒకసారి చెప్పిన సెకన్లను సర్వర్ తనంతట తాను వెనక్కి తీసుకోదు. దీనికి పరిష్కారం డిస్‌కనెక్ట్ మెసేజ్. ఆర్‌ఎఫ్‌సీ 5176 ప్రకారం సర్వర్ వైపు నుంచి గేట్‌వేకి యూడీపీ 3799 పోర్టు మీద "ఫలానా సెషన్ తెంపు" అని పంపవచ్చు. మా దగ్గర ఒక చిన్న స్క్రిప్ట్ క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులను తనంతట నడిపే ఏర్పాటులో) నడుస్తుంది. తెరిచి ఉన్న సెషన్లు కూడి, కోటా దాటినవాళ్ల యూజర్ పేరు, సెషన్ ఐడీ, ఐపీ అడ్రస్‌తో రేడ్‌క్లయింట్ ద్వారా డిస్‌కనెక్ట్ పంపుతుంది. గేట్‌వే ఒప్పుకుంటే ఏసీకే, ఒప్పుకోకపోతే ఎన్‌ఏకే వస్తుంది. మైక్రోటిక్ కంపెనీ గేట్‌వేలు వాడేవాళ్లు రేడియస్ ఇన్‌కమింగ్ అనే సెట్టింగ్‌ని విడిగా ఆన్ చేయాలి. లేకపోతే ఆ మెసేజ్‌ని పట్టించుకోదు. పరీక్షల కోసం గ్రూపు మార్చినా, ఆ మార్పు మళ్లీ లాగిన్ అయ్యాకే అమల్లోకి వస్తుంది కాబట్టి అప్పుడూ ఇదే స్క్రిప్ట్ పనికొస్తుంది.

ఈ స్క్రిప్ట్ సరిగా కూడాలంటే, తెరిచి ఉన్న సెషన్ ఎంతసేపు నడిచిందో టేబుల్లో ఉండాలి. గేట్‌వే నుంచి అకౌంటింగ్ స్టార్ట్ (సెషన్ మొదలైందనే కబురు) వచ్చినప్పుడు సెషన్ టైమ్ సున్నా. స్టాప్ (ముగిసిందనే కబురు) వచ్చేదాకా అది సున్నాగానే ఉంటుంది, మధ్యలో ఇంటరిమ్ అప్‌డేట్‌లు (ఇప్పటిదాకా ఇంత వాడారనే కబుర్లు) వస్తే తప్ప. అందుకని ఆక్ట్-ఇంటరిమ్-ఇంటర్వెల్ 600 ఇవ్వండి. ఆర్‌ఎఫ్‌సీ 2869 ప్రకారం 60 సెకన్ల కంటే తక్కువ కూడదు, 600 కంటే తగ్గించకపోవడమే మంచిది. మాకు పది నిమిషాలు సరిగ్గా సరిపోయాయి.

కరెంటు పోయినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. ఎండాకాలంలో హాస్టల్ బ్లాకుకి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే గేట్‌వే స్టాప్ పంపకుండానే ఆరిపోతుంది. టేబుల్లో ఆ సెషన్లన్నీ తెరిచే ఉంటాయి. కరెంటు వచ్చాక గేట్‌వే అకౌంటింగ్-ఆన్ (మళ్లీ మొదలయ్యానన్న కబురు) పంపుతుంది. ఫ్రీరేడియస్ దాన్ని చూసి ఆ గేట్‌వేకి చెందిన పాత సెషన్లన్నీ మూసేస్తుంది. ఇంతవరకు బాగుంది. కానీ సాఫ్ట్‌వేర్‌తో తయారుగా వచ్చే క్వెరీ, సెషన్ మొదలైనప్పటి నుంచి అకౌంటింగ్-ఆన్ వచ్చిన నిమిషం దాకా మొత్తాన్ని సెషన్ టైమ్‌గా రాస్తుంది. అంటే గంటన్నర కరెంటు లేకపోతే ఆ గంటన్నర కూడా పిల్లాడి కోటాలోంచి పోతుంది. అతను చీకట్లో కూర్చున్న టైమ్‌కి కూడా లెక్క కట్టడం అన్యాయం. క్వెరీ ఫైలు మన చేతిలోనే ఉంది కాబట్టి, చివరి ఇంటరిమ్ అప్‌డేట్ టైమ్ దగ్గరే సెషన్ ముగిసినట్టు మార్చుకున్నాం. అప్పుడు తేడా ఎంత వచ్చినా పది నిమిషాలకు మించదు, అదీ స్టూడెంట్‌కి లాభంగానే వస్తుంది. అకౌంటింగ్-ఆన్ పంపని గేట్‌వే అయితే పాత సెషన్లు తెరిచే ఉండిపోయి, సైమల్టేనియస్-యూజ్ దాటిందంటూ మళ్లీ లాగిన్ కానివ్వదు. చాలాసేపు అప్‌డేట్ రాని సెషన్లను మూసే ఇంకో క్రాన్ దానికోసం అవసరం.

ఐడిల్-టైమౌట్ (ఇంతసేపు వాడకం లేకపోతే తెంపేయడం) మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. జేబులో ఉన్న ఫోన్ కూడా ఏదో ఒక యాప్ కోసం నెట్‌ని తడుముతూనే ఉంటుంది, ఐడిల్ అన్నది దానికి అరుదు. గది వదిలి క్లాసుకి పోయినవాళ్ల సెషన్ మూసుకోవడానికి మాత్రం ఉపయోగం. ఐదు నిమిషాల్లాంటి చిన్న విలువ పెడితే పీడీఎఫ్ చదువుకుంటున్నవాళ్లని లాగౌట్ చేస్తుంది. పదిహేను నిమిషాలు నయం.

రాత్రి పదకొండు తర్వాత నెట్ ఆపాలని వార్డెన్ అడిగితే లాగిన్-టైమ్ ఆట్రిబ్యూట్ ఉంది. ఏ రోజుల్లో, ఏ గంట నుంచి ఏ గంట దాకా అనేది ఒక్క లైన్లో రాయవచ్చు. శని, ఆదివారాలకు వేరేగా ఇవ్వవచ్చు. ఆ గడువు దాకా మిగిలిన సెకన్లను అదే సెషన్-టైమౌట్‌గా పంపుతుంది. కౌంటర్ ఒక విలువ, లాగిన్-టైమ్ ఒక విలువ ఇస్తే తక్కువదే గెలుస్తుంది. ఎన్ని నియమాలు కలిపినా పొరపొచ్చం రాకపోవడానికి ఈ చిన్న పద్ధతే కారణం.

స్టాఫ్ క్వార్టర్స్‌లో పోర్టల్ (బ్రౌజర్‌లో వచ్చే లాగిన్ పేజీ) లేదు, 802.1ఎక్స్ (వైఫైకి కలిసేటప్పుడే డివైజ్ లాగిన్ అయ్యే పద్ధతి) ఉంది. అక్కడ సెషన్-టైమౌట్ అర్థమే మారుతుంది. టెర్మినేషన్-యాక్షన్‌ని (టైమ్ అయ్యాక ఏం చేయాలో చెప్పే ఆట్రిబ్యూట్‌ని) రేడియస్-రిక్వెస్ట్ అని ఇస్తే, టైమ్ అయ్యాక కనెక్షన్ తెగదు, వెనకాల మళ్లీ ఆథెంటికేషన్ జరుగుతుంది, మనిషికి తెలియనే తెలియదు. అది ఇవ్వకుండా సెషన్-టైమౌట్ ఒక్కటే పంపితే వీడియో కాల్ మధ్యలో తెగుతుంది.

రిజెక్ట్ అయినప్పుడు ఏం చెప్తున్నామన్నది నాకు చాలా ముఖ్యమైన విషయం. మాడ్యూల్ తనంతట ఇంగ్లిష్‌లో ఒక ముక్క చెప్తుంది. పల్లెల నుంచి వచ్చిన ఫస్టియర్ పిల్లలు దాన్ని పాస్‌వర్డ్ తప్పు అనుకుని మళ్లీ మళ్లీ కొడుతుంటారు. రిజెక్ట్ సెక్షన్‌లో రిప్లై-మెసేజ్‌ని తెలుగులో రాసుకోవచ్చు. అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూటీఎఫ్-8 కోడ్ కాబట్టి ఇబ్బంది లేదు. కాకపోతే ఒక ఆట్రిబ్యూట్‌లో 253 బైట్లే పడతాయి. తెలుగులో అక్షరానికి మూడు బైట్లు, దాని మీద గుణింతం గుర్తు ఇంకో మూడు, ఒత్తు ఆరు తింటాయి. "ఈరోజు మీ నెట్ టైమ్ అయిపోయింది. రాత్రి 12 తర్వాత మళ్లీ వస్తుంది" అనేది హాయిగా పడుతుంది. ఆ ఒక్క మెసేజ్ వచ్చాక మా ఆఫీసుకి వచ్చే పిల్లల సంఖ్య బాగా తగ్గింది.

నచ్చనివీ ఉన్నాయి. కాన్ఫిగరేషన్ ఫైళ్లలోని కామెంట్లే అసలైన డాక్యుమెంటేషన్, ఓపికగా చదవాల్సిందే. గ్రాఫికల్ ప్యానెల్ దానితో రాదు. డాలోరేడియస్ లాంటిది వేరేగా పెట్టుకోవాలి. యూజర్లను చేర్చడానికి అది చాలు, లిమిట్ల తర్కాన్ని మాత్రం ఫైళ్లలోనే చూసుకోవాలి. ఇంకోటి, రాడ్‌అకౌంట్ టేబుల్ పెరిగేకొద్దీ కౌంటర్ క్వెరీ నెమ్మదిస్తుంది. టైమ్ కాలమ్‌ని లెక్కలో మార్చి పోలుస్తుంది కాబట్టి టైమ్ ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికే సూచిక) అక్కరకు రాదు, యూజర్‌నేమ్ ఇండెక్స్ ఒక్కటే ఆదుకుంటుంది. మైక్రోటిక్‌లో రేడియస్ టైమౌట్ (సర్వర్ జవాబు కోసం ఆగే టైమ్) చాలా తక్కువగా ఉండొచ్చు. క్వెరీ దాన్ని దాటితే సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా లాగిన్ ఫెయిలవుతుంది. పాత వరుసలను వేరే టేబుల్‌కి తరలిస్తూ, ఆ టైమౌట్‌ని రెండు మూడు సెకన్లకు పెంచుకుంటే టెన్షన్ ఉండదు.

ఇవన్నీ పక్కన పెట్టేంత మంచి గుణం ఒకటుంది, డీబగ్ మోడ్. సర్వీసు ఆపి, ఎక్స్ స్విచ్‌తో నడిపిస్తే ఏ మాడ్యూల్ ఏం అడిగింది, డేటాబేస్ ఏం చెప్పింది, ఎన్ని సెకన్లు ఎందుకు ఇచ్చింది అన్నీ లైను తర్వాత లైనుగా కనిపిస్తాయి. పైన చెప్పిన 12600 ఎలా వచ్చిందో కూడా ఆ లైన్లలోనే రాసి ఉంటుంది. ఫిర్యాదు చేసిన స్టూడెంట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అతని లాగిన్‌నే చూపిస్తాను. నెట్‌వర్కింగ్ మీద ఆసక్తి అలా మొదలైన పిల్లలు ఉన్నారు.

వెర్షన్ విషయం. 2024 జూలైలో బయటపడిన బ్లాస్ట్‌రేడియస్ లోపం (సర్వర్ జవాబును దారి మధ్యలో మార్చేయగల లోపం) తర్వాత 3.2.5 కన్నా పాతది వాడకండి. 3.0 వరుసలోనే ఉండాల్సివస్తే 3.0.27 కనీసం. అప్‌గ్రేడ్ చేశాక మెసేజ్-ఆథెంటికేటర్ (మెసేజ్ అసలైనదేనని చూపే ముద్ర) తప్పనిసరి చేసే సెట్టింగ్‌ని ఆన్ చేయడానికి ముందు, గేట్‌వేల ఫర్మ్‌వేర్ దాన్ని పంపుతోందో లేదో చూసుకోండి.

కొత్త గేట్‌వే గానీ కంట్రోలర్ గానీ కొనేముందు డెమో పీస్ అడిగి తెప్పించుకోండి. ఒక టెస్ట్ యూజర్‌కి సెషన్-టైమౌట్ 120 ఇచ్చి లాగిన్ చేయండి. రెండు నిమిషాలకు తెగి, రాడ్‌అకౌంట్‌లో టెర్మినేట్ కాజ్ సెషన్-టైమౌట్ అని పడాలి. తర్వాత ఆ 120 తీసేసి మళ్లీ లాగిన్ చేసి, అరగంట వదిలేసి ఇంటరిమ్ అప్‌డేట్‌లు వస్తున్నాయో లేదో చూడండి. ప్లగ్ పీకి మళ్లీ పెట్టి, అకౌంటింగ్-ఆన్ వచ్చిందో లేదో చూడండి. 3799కి డిస్‌కనెక్ట్ పంపి ఏసీకే కోసం చూడండి. ఒక కంపెనీ వాళ్లు మాకు తెచ్చిన కంట్రోలర్ మొదటి పరీక్ష నెగ్గి మూడోదానిలో ఆగిపోయింది, దాన్ని అదే రోజు వెనక్కి పంపేశాం.